గుర్రమెక్కి మెతుకు సీమకు వచ్చిన పాస్నెట్

చార్లెస్ వాకర్ పాస్నెట్ సికింద్రాబాద్‌లో దిగేనాటికి ఆయన వయసు పాతికేళ్ళు. అంటే మనలో చాలామంది బీటెక్ పూర్తిచేసి, మొదటి ఉద్యోగంలో రెండు మూడేళ్ళు గడిపి, ఇంతేనా లైఫ్ అనుకునే వయసు. 1870లో ఇంగ్లండ్‌లో పుట్టాడు. వెస్లియన్ మెథడిస్ట్ సంఘంలో పాస్టర్‌గా తయారయ్యాడు. 1895లో ఓడెక్కి ఇటు వచ్చాడు. పేపర్లలో ఆయన పేరు ఒక్కోచోట ఒక్కోలా కనిపిస్తుంది, ఫాస్నెట్ అని, పోస్నెట్ అని. మెదక్ చర్చి కట్టిన దొర అంటే మాత్రం ఎవరికైనా వెంటనే తెలుస్తుంది.

మొదట ఆయనకిచ్చిన పోస్టింగ్ మెదక్ కాదు, తిరుమలగిరి. మేడ్చల్ నుంచి సిటీకి వెళ్ళేటప్పుడు బొల్లారం, అల్వాల్ దాటాక వచ్చే అదే తిరుమలగిరి. అప్పుడది బ్రిటిష్ సైన్యం ఉండే చోటు. పాస్నెట్ పని అక్కడి తెల్ల సైనికులకు ఆరాధనలు జరిపించడం, వాళ్ళ మంచిచెడ్డలు చూడడం. పైకి చూస్తే హాయైన ఉద్యోగం. భాష సమస్య లేదు, తిండి సమస్య లేదు, చుట్టూ సొంత ఊరి మనుషులే. కొత్తగా ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు, అందరూ పుట్టుకతో క్రైస్తవులే.

సమస్యంతా అక్కడే ఉందనుకుంటా. ఆ రోజుల్లో బ్రిటిష్ సైన్యంలో ఆదివారం చర్చికి వెళ్ళడం డ్యూటీలో భాగం. చర్చ్ పరేడ్ అనేవాళ్ళు. బూట్లు పాలిష్ చేసుకుని వరుసలో నడిచి వెళ్ళాలి, వరుసలో కూర్చోవాలి, వరుసలో తిరిగి రావాలి. అటెండెన్స్ కోసం క్లాసులో కూర్చోవడం ఎలా ఉంటుందో మనకి వేరే చెప్పాలా! అలాంటి వాళ్ళకి క్రిస్మస్ రోజు నిలబడి రక్షకుడు పుట్టాడని చెబితే, విన్నామన్నట్టు తలూపి విందుకు లేచిపోతారు. ఆ పని పాస్నెట్‌కి తృప్తినివ్వలేదు. ఏడాది తిరక్కుండానే ఆయన చూపు ఊళ్ళ వైపు మళ్ళింది.

1896లో ఆయన మెదక్ వెళ్ళాడు. గుర్రం మీద, రెండు రోజుల ప్రయాణం. ఇప్పుడు మనం మేడ్చల్‌లో హైవే ఎక్కితే తూప్రాన్ మీదుగా డెబ్బై కిలోమీటర్లు, మధ్యలో చాయ్‌కి ఆగినా రెండు గంటలు పట్టదు. అప్పటికి మన మేడ్చల్ మీదుగా రైలు కూడా లేదు. సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ వైపు మీటర్ గేజ్ లైను పడింది ఆ శతాబ్దం తిరిగే వేళకి. ఆ లైను కూడా మెదక్ ఊరిని తాకకుండా అక్కన్నపేట మీదుగా వెళ్ళిపోయింది. అక్కన్నపేట నుంచి మెదక్‌కి ఉన్న ఆ పదిహేడు కిలోమీటర్ల పట్టాలు పడి రైలు నడిచింది ఎప్పుడో తెలుసా? 2022లో. పాస్నెట్ గుర్రం దిగిన నూట ఇరవై ఆరేళ్ళకి.

మెదక్ అనే పేరు మెతుకు నుంచి వచ్చిందంటారు. అందుకే మెతుకు సీమ. వరి పండే నేల, చెరువుల నేల, కొండ మీద కాకతీయుల నాటి కోట ఉన్న నేల. వాన పడితే మెతుకు, పడకపోతే అదీ లేదు. పాస్నెట్ వెళ్ళేసరికి అక్కడున్న క్రైస్తవులు రెండు వందల మంది కూడా లేరు. ఆయనకంటే ముందే, 1880 నాటికే, విలియం బర్జెస్ వంటి వెస్లియన్ మిషనరీలు సికింద్రాబాద్‌లో పని మొదలుపెట్టారు. ఊళ్ళలోకి మాత్రం అది పెద్దగా చేరలేదు. పాస్నెట్ ముందుగా ఉండడానికో బంగళా కట్టుకున్నాడు. దాని పై అంతస్తులో ఒక గదిని ఆరాధన మందిరంగా మార్చాడు. మెదక్ మొదటి చర్చి అదే, బంగళా మేడ మీద ఒక హాలు.

ఆ హాలుకి వచ్చింది ఎవరు? ఎక్కువమంది మాలలు, మాదిగలు. ఊరి బావిలో నీళ్ళు తోడుకునే హక్కు లేనివాళ్ళు, గుడి గడప దాటలేనివాళ్ళు, వెట్టి చేయక తప్పనివాళ్ళు. తిరుమలగిరి బ్యారక్స్‌లో వంద సార్లు విని వంద సార్లు ఆవలించిన కథనే వీళ్ళు మొదటిసారి విన్నారు. దేవుడు పుట్టడానికి చోటు దొరక్క పశువుల తొట్టిలో పడుకున్నాడట. ఆ కబురు ముందు రాజుకి కాకుండా, రాత్రి పొలంలో కాపలా ఉన్న గొర్రెల కాపరులకి అందిందట. పశువుల కొట్టం అంటే ఏమిటో, రాత్రి కాపలా అంటే ఏమిటో, చోటు లేదనిపించుకోవడం అంటే ఏమిటో వీళ్ళకి ఒకరు వివరించాల్సిన పని లేదు. ఇంగ్లండ్‌లో పుట్టి పెరిగిన పాస్టర్ కంటే ఆ కథ వీళ్ళకే బాగా తెలుసు. పాస్నెట్ వీళ్ళకి కథ చెప్పాడంటారు గానీ, ఆ కథ ఎంత వింతైనదో ఆయనకి తిరిగి చూపించింది వీళ్ళేనని నాకనిపిస్తుంది. నలభై ఏళ్ళ పాటు ఒక మనిషి ఒకచోట పాతుకుపోయాడంటే, ఇవ్వడమే కాదు, ఏదో దొరికి ఉండాలి కదా.

పని ఆయనొక్కడిదీ కాదు. తోబుట్టువు ఎమిలీ పాస్నెట్, ఆమెతో కలిసి పనిచేసిన ఎమిలీ హారిస్ (ఇద్దరి పేరూ ఎమిలీయే) ఆడవాళ్ళ మధ్య, రోగుల మధ్య పనిచేశారు. ఆసుపత్రి, బడులు, ఊరూరూ తిరిగే తెలుగు బోధకులకి శిక్షణ, ఇవన్నీ మెదక్ చుట్టూ పెరిగాయి. చర్చి ఫొటోలు తీసుకుని వచ్చేసేవాళ్ళకి ఈ భాగం కనిపించదు. నిజానికి ఊళ్ళలో సంఘాన్ని నిలబెట్టింది పేరు కూడా మిగలని ఆ తెలుగు బోధకులే. దొర గుర్రం ఎన్ని ఊళ్ళు తిరగగలదు?

ఈ దొర అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. తెలంగాణలో దొర అంటే గడీలో కూర్చుని వెట్టి చేయించుకునేవాడు. తెల్లదొర అంటే మనల్ని ఏలినవాడు. పాస్నెట్‌ని కూడా జనం దొర అనే అన్నారు. ఆ పిలుపులో గౌరవం ఉంది, దూరం కూడా ఉంది. బంగళాలో ఉండే మనిషికీ గుడిసెలో ఉండే మనిషికీ మధ్య ఎంత ప్రేమున్నా ఆ మెట్ల తేడా పోదు. ఆయన్ని దేవుడిని చేసి రాసే వ్యాసాలు దీన్ని మింగేస్తాయి.

సంఘం పెరిగింది, మేడ మీద హాలు చాలలేదు. 1914లో కొత్త చర్చికి పని మొదలైంది. టైమింగ్ చూడండి. అదే ఏడాది ఐరోపాలో మొదటి ప్రపంచ యుద్ధం. ఆ తర్వాత ధరలు ఎక్కిపోయాయి, వానలు మొహం చాటేశాయి. 1918లో దక్కన్ అంతా కరువు, దాని మీద ఇన్‌ఫ్లుయెంజా. ఏ ప్రాజెక్ట్ మేనేజర్‌నైనా అడగండి, ఇలాంటప్పుడు పని ఆపేయమంటాడు. పాస్నెట్ రివర్స్‌లో వెళ్ళాడు. చర్చి కట్టడాన్నే కరువు పనిగా మార్చాడు. పనికొచ్చినవాళ్ళకి తిండి. రాయి మోస్తే మెతుకు. ఇప్పుడు మనం పనికి ఆహార పథకం అంటున్నది అదే.

ఇక్కడ రెండు ప్రశ్నలొస్తాయి, రెండూ న్యాయమైనవే. మొదటిది, జనం ఆకలితో ఉంటే అంత పెద్ద చర్చి ఎందుకు, ఆ డబ్బుతో గింజలు కొని పంచొచ్చుగా? రెండోది ఇంకా గట్టిది. మెతుకులు చూపించి మతం మార్చారన్న మాట.

మొదటిదానికి చరిత్రలో ఒక జవాబుంది. లక్నోలో బడా ఇమాంబారా కట్టింది కూడా కరువులోనే, 1784లో, నవాబు అసఫుద్దౌలా. ఊరికే ఇస్తే తీసుకున్నవాడు బిచ్చగాడవుతాడు, పని చేయించుకుని ఇస్తే కూలివాడవుతాడు. కూలివాడు తలెత్తుకుని ఇంటికెళ్తాడు. కరువు పోయాక గింజలు మిగలవు, కట్టింది మిగులుతుంది. అయినా చర్చికి బదులు చెరువు తవ్వి ఉండొచ్చుగా అంటే, ఉండొచ్చు. నేను సివిల్ స్టూడెంట్‌ని, నా ఓటు కూడా చెరువుకే పడేదేమో. కానీ ఒకటుంది. చెరువు తవ్వినా దాని కింద పారే పొలం ఆ కూలివాడిది కాదు, ఊరి దొరది. ఈ కట్టడం మాత్రం రాయి మోసినవాడు లోపలికెళ్ళి కూర్చోడానికి కట్టింది. మెదక్ సీమలో ఆ మాట చెప్పగలిగిన పెద్ద కట్టడం అంతకుముందు ఏదైనా ఉందా?

రెండోదానికి అంత తేలిక జవాబు లేదు. ఆకలిగా ఉన్నవాడి నమ్మకంలో ఆకలి పాలెంత, నమ్మకం పాలెంత అని కొలిచే మీటర్ లేదు. అలా కొలవడం కడుపు నిండినవాళ్ళకే తోస్తుంది కూడా. కరువు అయిపోయాక ఏం జరిగిందన్నది మాత్రం మనం చూడొచ్చు. తిండి పెట్టడం ఆగిపోయింది, ఆ జనం ఆగలేదు. వాళ్ళ మునిమనవలు ఇప్పటికీ అక్కడికి నడిచి వస్తున్నారు.

ఇక కట్టడం సంగతి. మనది ఇంజనీరింగ్ కాలేజీ కాబట్టి ఈ భాగం తప్పించుకోలేరు. గోథిక్ శైలి. వెడల్పు 100 అడుగులు, పొడవు 200 అడుగులు, శిఖరం ఎత్తు సుమారు 175 అడుగులు. లోపల ఒకేసారి ఐదు వేల మంది పడతారని లెక్క. కాల్‌క్యులేటర్ తీయండి. ఇరవై వేల చదరపు అడుగులు, ఐదు వేల మంది, తలా నాలుగు చదరపు అడుగులు. బెంచీలు వేస్తే అది కుదరదు. చాప మీదో నేల మీదో బాసింపట్లు వేసుకుని, పక్కవాడి మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుంటేనే కుదురుతుంది. ఇంగ్లండ్ చర్చిలా కనిపించే ఆ కట్టడం లోపల లెక్క మాత్రం మన ఊరి జాతర లెక్క.

బయట రాయి ఇక్కడిది, గ్రానైట్. లోపల బూడిదరంగు రాతి స్తంభాలు. నేల మీద పరిచిన ఆరు రంగుల పలకలు బ్రిటన్ నుంచి వచ్చాయి, వాటిని పరచడానికి ఇటలీ మేస్త్రీలు వచ్చారు. పైకప్పు వంపులకి స్పాంజ్ లాంటి బోలు పదార్థం వాడారు, శబ్దం తిరిగి కొట్టకుండా. పెద్ద రాతి హాల్లో మాట్లాడితే ఒక మాట తోక ఇంకో మాట తల మీద పడుతుంది, ఏదీ అర్థం కాదు. యూరప్‌లో పాత చర్చిల్లో పాటకి అది అందం, ప్రసంగానికి అది శాపం. అక్కడ కూర్చునేవాళ్ళలో అప్పటికి చదువొచ్చినవాళ్ళు తక్కువ. పుస్తకం తెరిచి చూసుకోలేరు, వినాలి. మైకు లేని కాలంలో వెనక వరసలోని ముసలామెకి కూడా మాట విడివిడిగా చేరాలంటే పైకప్పు మీద ఖర్చు పెట్టాల్సిందే. నాకు ఆ శిఖరం కంటే ఈ పైకప్పే ఎక్కువ నచ్చుతుంది.

శిఖరం గురించి ఒక కథ తిరుగుతుంటుంది. చార్మినార్ కంటే ఎత్తు కడుతున్నారని నిజాంకి కోపమొచ్చిందని. మంచి కథే, కానీ అంకెలు సహకరించవు. చార్మినార్ ఎత్తు 56 మీటర్లని ఎక్కువ చోట్ల ఇస్తారు, అంటే 183 అడుగులకి పైనే. లోపలికొచ్చేసరికి మాత్రం ఈ లెక్కలు ఎవరికీ గుర్తుండవు. ఇంట్లోకి వెళ్ళాలంటే నడుం వంచి దూరాల్సిన మనుషులు, అంత ఎత్తు తలుపుల్లోంచి తలెత్తుకుని లోపలికి వెళ్ళి, ఇంకా ఇంకా తలెత్తి పైకి చూడడం. ఆ ఎత్తు వాళ్ళ కోసం.

పదేళ్ళు పట్టింది. 1924 డిసెంబరు 25న చర్చిని ప్రతిష్ఠించారు.

ఈస్టర్ కాదు, కొత్త సంవత్సరం కాదు, క్రిస్మస్. నాకు మొదట్లో ఇది కాస్త విడ్డూరంగానే అనిపించేది. పశువుల తొట్టిలో పుట్టినవాడి పుట్టినరోజున 175 అడుగుల శిఖరం తెరవడమేంటి? పోస్టర్ మీద వేస్తే మీమ్ అయిపోతుంది. ఎంత ఆలోచించినా ఇది పూర్తిగా పొసగదు, పొసగనక్కర్లేదు కూడా. అయినా ఆ రోజు లోపల నిలబడినవాళ్ళలో తొట్టి తెలియనివాడు ఎవరున్నారు? పొద్దున పశువులకి గడ్డి వేసి వచ్చిన చేతులవి. వాళ్ళకి కొత్త సంగతి శిఖరమే. మనకి అటుది ఇటు. అంతస్తులు రోజూ చూస్తాం, తొట్టి ఎక్కడా చూడం.

మన దగ్గర డిసెంబరు ఎలా గడుస్తుందో మీకు తెలుసు. మొదటి వారంలోనే సెమీ క్రిస్మస్, కేక్, శాంటా టోపీలో గ్రూప్ ఫొటో, ఆ మర్నాడు ఇంటర్నల్స్. క్రైస్తవ ఇంట్లో పుట్టినవాళ్ళకైతే ఇంకా కష్టం. చిన్నప్పటి నుంచి అదే నాటకం, అదే ముగ్గురు జ్ఞానులు, మొహానికి దూది గడ్డాలు, నక్షత్రానికి చుట్టిన అదే మెరుపు కాగితం. కథలో ఏ మలుపు ఎక్కడొస్తుందో తెలిసిన సినిమా పదోసారి చూస్తున్నట్టు. నమ్మకం పోదు, ఆశ్చర్యం పోతుంది. తిరుమలగిరి చర్చ్ పరేడ్‌లో సైనికుడికి జరిగింది కూడా అదే అయ్యుంటుంది. పాస్నెట్ ఆ సైనికుల్ని తిడుతూ అక్కడే కూర్చోలేదు. ఇంకా గట్టిగా బోధించి వాళ్ళని లేపుదామనీ ఉండిపోలేదు. ఆ కథని మొదటిసారి వినేవాళ్ళు ఎక్కడున్నారో అక్కడికి రెండు రోజులు గుర్రం మీద పోయాడు. ఆయన జీవితంలో నాకు పనికొచ్చే విషయం ఇదొక్కటే అనుకున్నా, చాలు.

ఇంకో చిన్న తమాషా ఉంది. ఇన్నాళ్ళూ మనం దాన్ని కెథెడ్రల్ అంటున్నాం. కెథెడ్రల్ అంటే బిషప్ పీఠం ఉండే చర్చి. బ్రిటిష్ మెథడిస్టులకి బిషప్పులే ఉండరు. అంటే పాస్నెట్ కట్టినప్పుడు అది పేరుకి కెథెడ్రల్ కాదు, ఒక పెద్ద చర్చి అంతే. 1947 సెప్టెంబరులో మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్ట్ తదితర సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం, అదే సీఎస్ఐ, ఏర్పడింది. మెదక్ ఒక డయాసిస్ అయ్యింది, ఫ్రాంక్ విటేకర్ మొదటి బిషప్ అయ్యాడు. అప్పుడు ఆ చర్చికి ఆ పేరు నిజంగా తగింది. పాస్నెట్ బిషప్ కాలేదు. 1930ల చివర్లోనే, నలభై ఏళ్ళకి పైగా పనిచేశాక, ఆయన మెదక్ వదిలి వెళ్ళిపోయాడు. 1950లో చనిపోయాడు.

ఆ చర్చిలో అందరూ మొదట చూసేవి రంగు గాజు కిటికీలు. మూడూ వేసింది ఫ్రాంక్ సాలిస్‌బరీ, బ్రిటిష్ రాజకుటుంబపు చిత్రాలు గీసిన పెద్ద చిత్రకారుడు. వేదిక వెనక ఉన్నది క్రీస్తు ఆరోహణం, అది 1927లో వచ్చింది. రెండు పక్కల ఒకటి యేసు పుట్టుక, ఒకటి సిలువ. పుట్టుక కిటికీ వచ్చింది 1947లో, సిలువ కిటికీ 1958లో. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. క్రిస్మస్ రోజు తెరిచిన చర్చిలో ఆ రోజు క్రిస్మస్ బొమ్మ లేదు. అది వచ్చేనాటికి కట్టినాయన మెదక్‌లో లేడు. సిలువ బొమ్మ వచ్చేనాటికి ఆయన అసలు లేనేలేడు.

ఆ కిటికీలకి ఇంకో గుణం ఉంది, అది ఆప్టిక్స్. రంగు గాజు బొమ్మ లోపలివాళ్ళకి కనిపించాలంటే వెలుగు బయటి నుంచి రావాలి. లోపల ఎన్ని లైట్లు వేసినా లాభం లేదు. రాత్రి లోపల నిలబడి చూస్తే మూడూ నల్లటి పలకలే, గీతలు కూడా ఆనవు. క్రిస్మస్ రోజు మెదక్‌లో మొదటి ఆరాధన ఇంకా చీకటి ఉండగానే మొదలవుతుంది. జనం అర్ధరాత్రి నుంచే వచ్చి కూర్చుంటారు, చాలామంది ముందురోజే వచ్చి ఆవరణలో చెట్ల కింద పడుకుంటారు. పాటలు మొదలయ్యేసరికి కిటికీల్లో ఏమీ ఉండదు. తెల్లవారుతున్న కొద్దీ ముందు నీలం తేలుతుంది, తర్వాత ఎరుపు, ఆ తర్వాత మొహాలు. తొట్టి, పసివాడు, చుట్టూ వంగి చూస్తున్నవాళ్ళు. అప్పటికి కింద కూర్చున్నవాళ్ళలో సగం మంది పిల్లలు నిద్రలో ఉంటారు, మెలకువగా ఉన్న మిగతా సగం అటే చూస్తుంటారు.